పేషెంటు మాట్లాడకూడదు

"పేషెంటు మాట్లాడకూడదు."

సౌభాగ్య నాతో అన్న మొదటి మాట ఇదే. మా రైల్వే స్కూలు వరండాలో గరుకు కంబళి మీద నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, విరగని నా కుడి చేతికి కట్టు కడుతూ అంది. అప్పటికి నేను నాలుగుసార్లు నవ్వాను, రెండుసార్లు తుమ్మాను, "మెల్లిగా తల్లీ, ఇది సొంత చెయ్యి" అని ఒకసారి బతిమాలాను కూడా.

నా పేరు చిన్నారావు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నోరు ఊరుకోని కుర్రాళ్ళ పేర్లు రాస్తే మొదటి పేరు నాదే. ఇది 1981 నాటి సంగతి. నేను పదకొండో తరగతి. అప్పట్లో మాకు అదే ఆఖరి క్లాసు.

మాది చిన్న స్కూలు. శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ క్లబ్బులు. మొత్తం మూడే. నాటకం, తోటపని, ఫస్ట్ ఎయిడ్. మూడింటికీ నాగభూషణం మాస్టారే దిక్కు. నేను నాటకంలో ఉండేవాణ్ణి. యుద్ధంలో చచ్చిపోయే సిపాయి వేషం ఇస్తే, చచ్చాక కూడా రెండు డైలాగులు కలిపాను. జనం నవ్వారు. మాస్టారు నవ్వలేదు. చెవి పట్టుకుని వరండా ఈ చివరికి ఈడ్చుకొచ్చి, ఫస్ట్ ఎయిడ్ క్లబ్బు ఆడపిల్లల ముందు నిలబెట్టారు.

"మీకు పేషెంటు లేడన్నారుగా. ఇదిగో."

"మాస్టారూ, ఈడా? ఈడు ఊరుకోడండి," అంది సౌభాగ్య. రెండు జడలు, నుదుటి మీద చెమట, చేతిలో తెల్లటి మూడు మూలల గుడ్డ. క్లబ్బు లీడరు తనే.

"నువ్వు ఊరుకోబెట్టు," అని మాస్టారు వెళ్ళిపోయారు.

పేషెంటు పని చాలా సులువు. దెబ్బ ఏమిటో ఒక కార్డు మీద రాసి ఉంటుంది. దాన్నిబట్టి మూలగాలి. అడిగినదానికి కార్డులో ఉన్న జవాబు చెప్పాలి. అంతకు మించి నోరు మెదపకూడదు.

"నొప్పి ఎక్కడ?" అని అడిగింది.

"ఎక్కడ కావాలంటే అక్కడ."

"కార్డులో ఏటి రాసుందో అది చెప్పు."

"కుడి చెయ్యి. గుండెలో కూడా కాస్త..."

"అది కార్డులో లేదు," అని కట్టు చెయ్యి కందేలా బిగించింది.

మిగతా ముగ్గురు పిల్లలూ కిసుక్కుమన్నారు. సౌభాగ్య నవ్వలేదు గానీ పెదవి కొరుక్కుంది. ఆ పెదవి చూశాక నాటకం క్లబ్బు నాకు మళ్ళీ గుర్తు రాలేదు.

వాళ్ళ నాన్న సూర్యం గారు ఇంజను డ్రైవరు, మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. వాళ్ళదీ మాదీ శ్రీకాకుళం వైపే. వాళ్ళ క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య రెండే లైన్లు. అయినా పదకొండేళ్ళు ఒకే బడిలో చదివి ఆ పిల్లని సరిగ్గా చూడని గుడ్డివాణ్ణి నేను. ఇప్పుడు ప్రతి శనివారం రెండు పీరియడ్లు పడుకుని చూసే భాగ్యం కలిగింది. జూలై అంతా నా చెయ్యి విరిగింది, కాలు విరిగింది, తల పగిలింది. అంత సుఖంగా ఎప్పుడూ లేను.

ఒక శనివారం నా మెడ దగ్గర ముడి వేస్తూ తనే చెప్పింది.

"ఇది రీఫ్ నాట్. రెండు కొసలూ లాగితే బిగుస్తాది. అదే ఒక్క కొస పట్టుకుని పక్కకి లాగావనుకో, ఇదిగో, ఇలగ..."

ఎడమ వైపు కొస ఒక్కసారి లాగింది. ముడి జారి, చెయ్యి ఆనుకున్న గుడ్డ మొత్తం నా ఒళ్ళో పడింది.

"అచ్ఛా. మరి దీన్ని మంచి ముడి అంటారేటి?"

"అందుకే మంచిది. పేషెంటుకి నొప్పి తెలియకుండా విప్పొచ్చు."

ఎంత ఇష్టంగా చెప్పిందో. అన్నం కలిపి ముద్ద పెట్టినట్టు చెప్పింది.

ఆగస్టులో పోటీలు. చుట్టుపక్కల రైల్వే స్కూళ్ళన్నీ వస్తాయి. ముందురోజు సాయంత్రం వాన పట్టుకుంది. సైకిల్ స్టాండు రేకుల కింద ఇద్దరమే చిక్కుకున్నాం. రేకు కన్నంలోంచి చినుకులు సరిగ్గా నా నెత్తి మీదే పడుతున్నాయి. పక్కకి జరిగితే తన పక్కకే జరగాలి. కాబట్టి తడవక తప్పదన్నట్టు మొహం పెట్టి, జరిగాను.

"రేపు వేషాలు వెయ్యకు, చిన్నా," అంది. "గెలిస్తే నాన్న నర్సింగు ఫారం మీద సంతకం పెడతానన్నాడు."

"ఓడిపోతే?"

"పెట్టడంట. మనుషుల ఒంటి మీద చెయ్యేసే పని, చెయ్యి మంచిదో కాదో ముందు తేలాలి కదే అన్నాడు. ఫస్టు ప్రైజు తెస్తే కలకత్తా, తేకపోతే ఇంట్లో ఉండమన్నాడు."

"కలకత్తా ఏటి?"

"ట్రైనింగ్ అక్కడే కదా. మూడేళ్ళు."

మూడేళ్ళంటే పదిహేడేళ్ళవాడికి ముసలితనం దాకా ఉన్నట్టే.

"మరి నేను?" అన్నాను.

సౌభాగ్య వానకేసి చూస్తూ జడ కొస వేలికి చుట్టుకుంది. "నువ్వేటి? ఇక్కడే ఉండు. వచ్చాక నిజం దెబ్బలకి కట్టు కడతాను. మూడేళ్ళు ఉండలేవేటి?"

అమ్మాయి అంతకన్నా విడమరిచి ఎలా చెబుతుంది? నాకు అర్థమైంది. అర్థమయ్యే మర్నాడు ఆ పని చేశాను. ఆ మాట ఇప్పుడైనా చెప్పకపోతే నేను మనిషిని కాను.

పోటీ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో. జడ్జీ కలకత్తా నుంచి వచ్చిన డాక్టరు. మా కార్డులో, రైలు పెట్టెలు కలిపే షంటింగులో పడిపోయిన కూలీ, కుడి ముంజేయి విరిగింది అని ఉంది. కంబళి మీద పడుకున్నాను. సౌభాగ్య చేతులు మంచులా ఉన్నాయి. కట్టు కడుతూ నా చెవి దగ్గరకి వంగి, "ఈ ఒక్కసారి నోరు మూసుకో, నీకు దండం పెడతాను," అంది.

మూసుకున్నాను. ఎంత చక్కగా కట్టిందంటే జడ్జీ వంగి ముడి చూసి తల ఊపాడు. అప్పుడే నాకు కలకత్తా రైలు కళ్ళ ముందు కదిలింది.

"ఉఠో," అన్నాడు జడ్జీ. "దస్ కదమ్ చలో."

పది అడుగులు నడిచినా కట్టు చెదరకూడదు. అదే ఆఖరి పరీక్ష. ఒకటి, రెండు, మూడు. నాలుగు, అయిదు. ఆరో అడుగులో, మెడ దురద పెట్టినట్టు ఎడమ చెయ్యి ఎత్తి, ఎడమ కొస లాగాను. ఏడో అడుగుకి గుడ్డ జారింది. విరిగిన నా చెయ్యి ఉత్తినే వేలాడుతూ ఉండిపోయింది.

జడ్జీ కాగితం మీద ఏదో గీశాడు. మాకు రెండో బహుమతి వచ్చింది, తలా ఒక స్టీలు గ్లాసు.

సౌభాగ్య ఏడవలేదు. రెండు అరచేతులూ తెరిచి చూసుకుంది. "నా ముడేనండి మాస్టారూ. సరిగ్గా పడలేదు," అంది. నాగభూషణం మాస్టారు, "ఫర్వాలేదమ్మా" అంటూ నాకేసి చూశారు. నేను నేల చూపులు చూశాను. పేషెంటు మాట్లాడకూడదు కదా. జన్మలో మొదటిసారి ఆ రూలు పాటించాను.

సూర్యం గారు కూతుర్ని తిట్టలేదు. "పోనీలేవే. చెయ్యి నిలవని దానివి, ఆసుపత్రిలో ఎవుడి ప్రాణమో పోతే ఆ పాపం మనకెందుకు," అని ఫారం మడిచి డ్యూటీ పెట్టెలో అడుగున పెట్టేశారు. ఆ మాట మా అమ్మ మంగాయమ్మ ఇంటికొచ్చి చెప్పింది. నేను ఆ పూట అన్నం తిన్నాను. బాగా తిన్నాను కూడా. ఆమె ఊళ్ళోనే ఉండిపోతుందన్న సంతోషం ముందు ఇంకేదీ తలకెక్కలేదు. వెధవ వయసు అని సరిపెట్టుకోవచ్చు. కానీ వెధవ వయసు కాదు, వెధవని నేనే.

నేను కోరుకున్నట్టే అంతా జరిగింది. షెడ్డులో ఉద్యోగం వచ్చింది. పెద్దవాళ్ళే మాట కలుపుకున్నారు. 1986లో మా పెళ్ళయింది. సూర్యం గారు రిటైరై నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. "నా కూతురు ఊళ్ళోనే ఉంది, అల్లుడు బంగారం," అని కనబడినవాళ్ళందరికీ చెప్పేవారు. సౌభాగ్య మా అమ్మ ముందు నన్ను మీరు అనేది. అమ్మ గుమ్మం దాటితే నువ్వు, చిన్నా అనేది. ఆ 'చిన్నా' కోసం అమ్మని రోజూ గుడికి పొమ్మని పోరేవాణ్ణి.

ఒక్కటే లోటు. ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా సౌభాగ్య ముట్టుకునేది కాదు.

కత్తిపీటకి తన వేలు తెగినా, పక్క క్వార్టరు కనకమహాలక్ష్మి గారిని పిలిచేది. షెడ్డులో నా మోచెయ్యి చీరుకుపోతే, నీళ్ళూ గుడ్డా తెచ్చి బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి నిలబడింది.

"కట్టు," అన్నాను.

"వద్దు. నా చేతిలో నిలవదు. నీకు తెలీదేటి?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. రేపు చెబుదాం అనుకున్నాను. అలా రేపు, రేపు అంటూ పదిహేడేళ్ళు గడిపాను. రోజూ గంటలకొద్దీ వాగేవాణ్ణి, ఆ ఒక్క మాటకి నోరు పెగల్లేదు. చెబితే ఆ 'చిన్నా' పోతుందని భయం.

మా అమ్మాయి స్పందన నిరుడు, 1998లో, ఆరో తరగతికొచ్చింది. అదే స్కూలు, అదే శనివారం. ఒక ఆదివారం మధ్యాహ్నం వాన పడుతుంటే తెల్లటి మూడు మూలల గుడ్డ పట్టుకుని వాళ్ళమ్మ దగ్గరకొచ్చింది. మా అమ్మ తఖత్‌పూర్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర సైకిలు చైను బిగిస్తున్నాను. సౌభాగ్య చేటలో బియ్యం ఏరుతోంది.

"మమ్మీ, ఫస్ట్ ఎయిడ్ క్లబ్ మే నామ్ దే దియా. నువ్వు లీడర్‌వంట కదా. నేర్పు."

"తోటపనిలో చేరు."

"క్యోం?"

"నాకు చెయ్యి నిలవదే. నువ్వు నా పోలికే. రేపు అందరి ముందూ ఊడిపోతే సిగ్గుతో చచ్చిపోతావు. ఆ సిగ్గు ఎలగుంటాదో నాకు తెలుసు. వద్దు."

పిల్ల గుడ్డ కిందికి దించి, తన అరచేతులు తెరిచి చూసుకుంది. అచ్చం ఆ రోజు హాల్లో వాళ్ళమ్మ చూసుకున్నట్టే.

పానా కింద పెట్టాను. "స్పందనా, కనకమహాలక్ష్మి మామ్మ దగ్గరకెళ్ళి కూర్చో," అన్నాను. పిల్ల వెళ్ళింది.

"ఆ ముడి ఊడలేదు," అన్నాను. "నేనే లాగీసాను."

సౌభాగ్య చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి.

"ఏ కొస?"

"ఎడమది."

"ఎన్నో అడుగులో?"

"ఆరు."

"నేను ఏడనుకున్నాను," అంది. "ఇన్నేళ్ళూ ఏడో అడుగులో నా ముడే జారిందనుకున్నాను."

బియ్యంలోంచి ఒక రాయి ఏరి గుమ్మం అవతలికి విసిరింది.

"ఎందుకు?"

"కలకత్తా వెళ్ళిపోతావని."

"వస్తానని చెప్పాను కదా."

"చెప్పావు."

"మూడేళ్ళే అడిగాను నిన్ను."

ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, స్పందన వదిలేసిన గుడ్డ తీసింది. "కూర్చో," అంది. కూర్చున్నాను. పదిహేడేళ్ళ తర్వాత ఆ వేళ్ళు నా మెడ దగ్గర ముడి వేశాయి. రెండు కొసలూ లాగి బిగించాయి.

"లెగు. పది అడుగులు నడు."

గది చివరికీ వెనక్కీ నడిచాను. పది కాదు, ఇరవై. కట్టు ఇంచి కూడా కదల్లేదు. సౌభాగ్య దాన్నే చూసింది. నా మొహం చూడలేదు.

"సౌభాగ్యా, నన్ను..."

"పేషెంటు మాట్లాడకూడదు."

స్పందనని పిలిచింది. సాయంత్రం దాకా నా ముందే కూర్చుని, పిల్ల మోకాలికీ, మోచేతికీ, తలకీ కట్టి చూపించింది. చీర కొంగు చింపి మరీ కట్టింది. ఒక్క ముడీ జారలేదు. ఆ చేతుల కింద బతకాల్సినవాళ్ళు ఎంతమందో, ఎక్కడెక్కడివాళ్ళో.

నా కుడి చెయ్యి అలాగే మెడకి వేలాడుతోంది. విప్పుకోవడం నాకు తెలుసు. విప్పుకోలేదు.

వాన తగ్గాక పిల్ల ఆ కట్లన్నీ కనకమహాలక్ష్మి గారికి చూపించడానికి పరుగెత్తింది. సౌభాగ్య నా దగ్గరకొచ్చి నిలబడింది. ఎడమ కొస పట్టుకుని పక్కకి ఒక్కసారి లాగింది. గుడ్డ నా ఒళ్ళో పడింది.

"ఇంత తేలికేటి," అంది తనలో తను.

గుడ్డ తీసి, మూడు మూలలూ కలిపి మడతపెట్టి, పిల్ల పుస్తకాల సంచిలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి టీ గ్లాసు తెచ్చి నా పక్కన గట్టు మీద ఉంచింది. ఆ పోటీలో వచ్చిన స్టీలు గ్లాసే. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

"చల్లారిపోతాది," అంది. "తాగండి."