సుత్తి మేడం పాస్ చేయని వంతెన

తారుబాబుకి, సుత్తి మేడంకి మొదటి రోజే చెడింది.

అతను రోడ్ల శాఖలో రిపేరు గ్యాంగుకి ఇన్‌ఛార్జి. చొక్కా మీద ఎప్పుడూ తారు మరకలే, అందుకని ఆ పేరు. ఆమెది తనిఖీ విభాగం. చిన్న సుత్తితో వంతెనల మీద కొడుతూ చెవి ఒగ్గి వింటుంది. కాంక్రీటు గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల డొల్లయితే బొదబొదమంటుంది.

"ఏంటి మేడం, మా వంతెనకి జ్వరమా? నాడి చూస్తున్నారు?"

"దానికి కాదు, వేసినవాళ్ళకి. చేతులు వణికినట్టున్నాయి."

గ్యాంగంతా గొల్లుమంది. అతని మొహం మాడిపోయింది. కానీ ఆ సాయంత్రం బస్సు కోసం ఆమె వానలో తడుస్తుంటే గొడుగు తెచ్చిచ్చింది అతనే.

ఆ శాఖలో ఒక కట్టుబాటు ఉంది. రిపేరు వాళ్ళు జిల్లా ఆఫీసు సారు కింద పనిచేస్తారు. తనిఖీ వాళ్ళు ఆయనకి జవాబు చెప్పరు, నేరుగా హెడ్డాఫీసుకే. ఇద్దరూ ఒకచోట టీ తాగినా అనుమానమే. అందుకని వీళ్ళ ప్రేమంతా రోడ్డుకి ఆ పక్కొకరు, ఈ పక్కొకరు నిలబడి టీ తాగడంలోనే గడిచింది. మధ్యలో లారీ వస్తే చూపు తెగేది. పోయాక మళ్ళీ అతుక్కునేది.

ఆమె నాన్న రోడ్డు రోలరు నడిపి రిటైరైన మనిషి. సంగతి విని ఒక్కటే మాటన్నాడు.

"టెంపరరీ వాడికి పిల్లనివ్వనమ్మా. సగం బతుకు టెంపరరీగా లాగాను. మీ అమ్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు."

తారుబాబుది టెంపరరీ ఉద్యోగమే. వాగు వంతెన రిపేరు తనిఖీలో నెగ్గితే పర్మినెంటు చేయిస్తానని జిల్లా సారు మాటిచ్చాడు. ఆ తనిఖీ సుత్తి మేడానికే పడింది. వేరేవాళ్ళని పంపమని హెడ్డాఫీసుని బతిమాలింది. "ఈ వానల్లో మనుషులెక్కడున్నారమ్మా, నువ్వే కానిచ్చెయ్" అన్నారు.

ఆ రోజు ముసురు పట్టి లోకమంతా బూడిదరంగులో ఉంది. కింద వాగు ఎర్రగా పొంగుతోంది. ఆమె వంగి కొట్టింది. బొదబొద. జరిగి కొట్టింది. అదే చప్పుడు. సుత్తి అక్కడే ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడతను.

"తడి మీదే కాంక్రీటు వేశారా?"

"సారు తొందరపెట్టాడు. వాన ఆగేదాకా ఆగుదామన్నాను, వినలేదు. నేనూ గట్టిగా అడ్డుపడలేదు."

"ఎందుకు పడలేదు?"

"ఎందుకేంటి? మీ నాన్న దగ్గరికి రావాలని."

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. "నేను పాస్ చెయ్యలేను."

"నా బతుకు నీ చేతిలో ఉందని తెలుసా?"

"స్కూలు బస్సు కూడా దీని మీదే పోతుంది. అదీ తెలుసు."

అతను ఆమె చేతిలో సుత్తి లాక్కుని తనే కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. ఇంకోసారి కొట్టి, లేచి, సుత్తి తిరిగిచ్చేశాడు.

"ఫోన్ చెయ్ హెడ్డాఫీసుకి. మూసెయ్యమను."

తనే రోడ్డుకడ్డంగా డ్రమ్ములు దొర్లించాడు. వానలో అతని వీపే కనిపించింది ఆమెకి. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

తొందరపెట్టిన జిల్లా సారుని హెడ్డాఫీసు వేరే జిల్లాకి పంపి చేతులు దులుపుకుంది. తారుబాబుని మాత్రం ఇంటికి పంపేసింది.

వాన తెరిపివ్వకముందే ఒక సాయంత్రం అతను ఆమె ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా ఒంటికతుక్కుని.

"ఏం ఉద్యోగం చేస్తున్నావు?" అన్నాడు ముసలాయన, తెలిసే.

"లేదండి. పోయింది."

"ఎవరు పోగొట్టారు?"

"నేనేనండి. చెయ్యకూడని పని చేశాను."

"కాదు నాన్నా, నేనే" అంది ఆమె లోపల్నుంచి వస్తూ. "నేనే ఫోన్ చేశాను."

"తప్పు నాదండి."

"అతని మాట వినకు నాన్నా."

ముసలాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"నాదంటే నాదని తప్పు కోసం కొట్టుకునే మొగుడూ పెళ్ళాల్ని ఇంతవరకూ చూడలేదురా నేను. చూద్దాం" అన్నాడు చివరికి. "పని దొరికాకే పెళ్ళి. అది ఎప్పటికో నాకూ తెలీదు. ఈలోగా లోపలికి రా, జలుబు చేస్తుంది."