చిట్టికి తొట్టి

"వదలొద్దు," అన్నాడు హెన్రీ.

కె.సి. కాలువ గట్టు మీద ఆటో ఆపి, నీలం డ్రమ్మును నీళ్లవైపు వంచబోతున్న అమ్మాయి ఉలిక్కిపడింది. కాలువలో తాపీ, సిమెంటు తట్ట కడుక్కుంటున్న మనిషి తలెత్తి ఆమెనే చూస్తున్నాడు.

"ఏమప్పా, కాలువ నీదా?"

"నాది కాదు. చేపలది."

"నేను వదిలేది గూడా చేపే."

హెన్రీ గట్టెక్కి డ్రమ్ములోకి తొంగి చూశాడు. రెండున్నర అడుగుల చేప, ఒళ్లు వంచుకుని పడుకుని ఉంది. నల్లటి వీపు, ఎర్రటి తోక, మూతికి ఆరు మీసాలు. ముక్కు మీద తోలు గీరుకుపోయి పచ్చిగా ఉంది.

"పేరుండాదా దీనికి?"

"చిట్టి."

హెన్రీ చేపను ఇంకోసారి చూశాడు. పెదవి చివర కొంచెం కదిలింది.

"నవ్వు. అందరూ నవ్వుతాండారు. కొన్నప్పుడు నా వేలంత ఉండె. ఇంక పెరగదని అంగడాయన చెప్పినాడు. రెండేండ్లకే ఇట్లయింది."

ఆమె ఎవరో హెన్రీకి తెలుసు. పేరు మహిమ. నందికొట్కూరు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఆరు నెలల కిందట వాళ్ల పెద్దమ్మ రెజీనా ఇంటికి వచ్చి ఉంటోంది. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చుంటుంది. ఆమెకు మాత్రం అతను తెలియదు. చివర్లో, చెప్పుల పక్కన కూర్చునేవాణ్ని ఎవరు చూస్తారు?

"ఎండాకాలం ఈ కాలువకు నీళ్లు ఆపేస్తారు. అప్పుడిది బురదలో కొట్టుకుని చస్తాది. అంతవరకూ బతికిందా, ఈడి చేపలన్నీ దీని కడుపులోకే. ఇది ఈ నేల చేప కాదు గదా. దీని ఒంట్లో ఏం జబ్బుండాదో, అది గూడా నీళ్లకు అంటుకుంటాది."

అన్ని మాటలు ఒకేసారి ఆడి హెన్రీకి చాలా రోజులైంది. అతను మళ్లీ తాపీ వైపు చూశాడు.

"మరి యాడ పెట్టేదప్పా?" మహిమ గొంతు తగ్గింది. "ఇంట్లో నాలుగడుగుల అద్దాల తొట్టి. తిరగలేక అద్దానికి ముక్కు రాసుకుంటాంది. కూర చేసుకోమని ఇద్దరు చెప్పినారు. నాకు మనసు రాలేదు."

"ఎన్నడుగులు పెరుగుతాది?"

"నాలుగడుగుల దాకా అని ఫోన్లో ఉండాది. ఇరవై ఏండ్లు బతుకుతాదంట."

"అయితే నాలుగడుగుల చేపకే కట్టాల. ఇప్పటి కొలతకు కాదు."

"ఏం కట్టాల?"

"ఇల్లు," అన్నాడు హెన్రీ. అతను తొట్ల మేస్త్రి. చుట్టుపక్కల బోరు ఉన్న చేనల్లా అతను కట్టిన తొట్టితోనే పారుతుంది.

*

కట్టడానికి, ఆరబెట్టడానికి రెండు నెలల పైనే పడుతుంది. అంతవరకూ చిట్టి ఎక్కడుండాలి?

దారి చూపింది రెజీనా పెద్దమ్మ. చర్చి తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. అది నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చే చర్చి. వెనక వైపు మెట్లు దిగే సిమెంటు తొట్టి ఉంది. దాన్ని ఏడాదికి ఒకసారి ఈస్టరు నాడే నింపుతారు.

"ఈస్టరు దాకా ఖాళీగానే ఉంటాది గదా," అంది పెద్దమ్మ. "దేవుని చేపే ఇది గూడా. అయ్యగారికి మెల్లగా చెబుదాం."

మెల్లగా చెప్పే లోపలే ఆదివారం వచ్చింది.

ఆ ఊళ్లో తొట్టి నిండిందంటే బాప్తిస్మం ఉన్నట్టే. ఎవరూ ప్రకటించక్కర్లేదు. శనివారం సాయంత్రం మోటారు శబ్దం విన్న కంబన్న తాత, నీళ్లంటే భయంతో ఇరవై ఏళ్లుగా వాయిదా వేస్తున్నవాడు, ఇదే తనకు పిలుపనుకున్నాడు. పొద్దున్నే తెల్ల పంచె, తెల్ల బనీను వేసుకుని, భుజాన తువ్వాలుతో వచ్చి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగాడు. రెండో మెట్టు మీద ఉండగా నీళ్ల అడుగు నుంచి ఆరు మీసాలు పైకి వచ్చాయి.

కంబన్న తాత మెట్టు మీదే కూలబడ్డాడు.

"అయ్యగారూ," అని మెల్లగా పిలిచాడు. "లోపల ఎవరో ఉండారు."

పాస్టరు ఏసేపు అయ్యగారు వచ్చి చూశారు. చిట్టిని చూశారు, మహిమను చూశారు, పైకప్పు చూస్తున్న రెజీనా పెద్దమ్మను చూశారు. చర్చి అంతా నవ్వాపుకుంటోంది.

"ఈస్టరుకు వారం ముందు తొట్టి కడిగి నాకు అప్పజెప్పాల," అన్నారాయన. "లేదంటే ఈ చేప సంగతి మీరే వేరే చూసుకోవాల."

చెప్పుల పక్కనుంచి హెన్రీ లేచి నిలబడ్డాడు. "అప్పజెబుతాను అయ్యగారూ."

ఆ రోజే మహిమ మొదటిసారి వెనక్కి తిరిగి చివరి వరుసను చూసింది.

*

హెన్రీ చేను ఎకరం. ఎర్ర నేల, ఒక బోరు, మిరప. పనుల నుంచి వచ్చాక సాయంత్రాలు అక్కడే కట్టాడు. పదహారడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. మూలలు గుండ్రంగా తిప్పాడు.

"మూలలెందుకు తీసేసినావు?" అంది మహిమ. ఆసుపత్రి నుంచి ఆమె నేరుగా చేనుకే వస్తోంది.

"ముక్కు తగలకుండా."

"మాటకు ఇన్ని అక్షరాలని లెక్కుండాదా నీకు?"

"లేదు."

"ఉండాది. ఇప్పుడు రెండు."

పైన రేకుల నీడ వేశాడు, చేప ఎగిరి పడకుండా వల కప్పాడు. గులకరాళ్లు, ఇసుక నింపిన డ్రమ్ము గుండా నీళ్లు తిరిగేలా మోటారు పెట్టాడు. కరెంటు పోతే నడవడానికి బ్యాటరీ తెచ్చాడు. రోజూ కొన్ని పాత నీళ్లు మిరపకు పోతాయి, బోరు నుంచి కొత్తవి వస్తాయి. చలికాలంలో బోరు నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి.

తొట్టి పూర్తయింది. నింపాడు. నాలుగు రోజుల తర్వాత నీళ్లన్నీ వదిలేశాడు. మళ్లీ నింపి, మళ్లీ వదిలేశాడు. మూడోసారి కూడా.

ఈస్టరు పదిహేను రోజుల్లోకి వచ్చింది.

"నీకిష్టం లేకుంటే చెప్పప్పా," అంది మహిమ. "తొట్టి కట్టినావు, దాన్ని రానియ్యవు. నా చేపను చూసి ఊరంతా నవ్వింది, నువ్వు గూడా నవ్వుకుంటాండావా?"

హెన్రీకి చెప్పాలనే ఉంది. మాటలు కూర్చుకునే లోపలే ఆమె వెళ్లిపోయింది.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు, చేతిలో ల్యాబు నుంచి తెచ్చిన రంగు కాగితాల డబ్బాతో వచ్చింది. హెన్రీ నాలుగోసారి నింపిన తొట్టి అంచున కూర్చుని రెండు చేతులూ నీళ్లలో పెట్టి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె అవతలి అంచున ఒక కాగితం ముంచి చూసింది. ముదురు నీలం. సిమెంటులోని సున్నం ఇంకా నీళ్లలోకి దిగుతోంది. ఈ నీళ్లలో వదిలి ఉంటే చిట్టి తోలు, మొప్పలు కాలిపోయేవి.

"చేతులు తియ్యి," అంది.

సిమెంటుకు పగిలిన వేళ్లు. ప్రతి పగులూ ఎర్రగా ఉంది.

"మండుతాదా?"

"ఇంకా మండుతాంది," అన్నాడు హెన్రీ. "మండకుంటేనే చేపకు మంచిది."

మహిమ అంచున కూర్చుంది. చాలాసేపు ఆ వేళ్లనే చూసింది.

"ఈ మాట ఆ పొద్దే చెప్పి ఉండచ్చు గదా."

"చెప్దామనే అనుకున్నా."

"ఇంకేమేం చెప్పకుండా దాచిపెట్టినావు?"

హెన్రీ మిరప చేను వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె చూసింది. ఆ సాయంత్రం తన బ్యాగులోంచి వాజిలీను డబ్బా తీసి గట్టు మీద పెట్టి వెళ్లింది.

ఐదోసారి నింపాక కాగితం లేత ఆకుపచ్చకు వచ్చింది. వేళ్లూ ఊరుకున్నాయి. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం, దానికి ముందు రోజు నలుగురు మనుషులు తడి టార్పాలిన్‌లో చిట్టిని మోసుకొచ్చారు. ముందు పట్టినవాడు కంబన్న తాత. నీళ్లలో పడగానే చిట్టి అడుగుకు దిగి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఎక్కడా తగలకుండా ఈది, గుండ్రటి మూలలో మెల్లగా తిరిగి వచ్చింది. చాలా నెలలుగా అది ఇంత చక్కగా తిరగడం మహిమ చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

ఈస్టరు తెల్లవారింది. తోమి కడిగిన తొట్టిలో కొత్త నీళ్లు. కంబన్న తాత మునిగి లేచాడు. "ఈసారి లోపల ఎవరూ లేరు," అన్నాడు. అందరూ నవ్వారు.

తర్వాత హెన్రీ మెట్ల మీదికి వచ్చాడు. ఏసేపు అయ్యగారు నమ్మలేనట్టు చూశారు. ఏడేళ్లుగా పిలుస్తున్నా ఇతను తప్పించుకునేది నీళ్లకు భయపడి కాదు. మునిగే ముందు అందరి ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలి, దేవుడు తనకు చేసిన మేలు నోటితో చెప్పాలి. అదీ భయం.

అందరూ అతని వైపు తిరిగారు.

"నాకు మాటలు రావు," అన్నాడు హెన్రీ. "ఇంతవరకు నీళ్ల కోసమే తొట్లు కట్టినా. ఒక ప్రాణం కోసం కట్టింది ఇదే మొదలు. దేవుడు ఆ పని నా చేతికిచ్చినాడు. అందుకు వందనాలు. ఆ పని తెచ్చినామెకు గూడా వందనాలు. నేను మాట్లాడకున్నా, నా చేతులు చూసి ఆమె అర్థం చేసుకున్యాది. అట్లా ఎవరూ చూడలేదు నన్ను."

రెజీనా పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ మహిమ మోచేతిని పొడిచింది.

"ఆమె సరేనంటే ఇంకో ఇల్లు కడతా."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు నేను ఆమెన్ అనాల్నా, ఆగాల్నా?"

ఆడవాళ్ల వైపు మూడో వరుసలో మహిమ లేచి నిలబడింది.

"ఎన్నడుగులది?" అంది.

"ఇప్పటి కొలతకు కాదు," అన్నాడు హెన్రీ. "ముందు ముందు ఎంతమందిమి అవుతామో, దానికి."

"అయితే సరే."

"ఆమెన్," అంది రెజీనా పెద్దమ్మ అందరికంటే ముందు. చర్చి అంతా అందుకుంది.

హెన్రీ నీళ్లలోకి దిగాడు. మునిగి లేచి, ముఖం మీది నీళ్లు రెండు చేతులతో తుడుచుకున్నాడు. పగుళ్లు ఎక్కడా మండలేదు.