వేదిక కింద వాలు గీత

ఫోన్ ఎత్తగానే అవతల బావ రొప్పుతున్నాడు.

"మరదలా, నిలువుగా కోసినా అడ్డంగా కోసినా కనపడదు. వాలుగా కొయ్యి. వాలుగా..."

కుర్చీ పడిన చప్పుడు. ఆ తర్వాత ఎంత పిలిచినా పలుకు లేదు.

డిపార్ట్‌మెంట్ మనుషులు సర్వే ఆఫీసుకు చేరేసరికి ఆయన కీబోర్డు మీద వాలిపోయి ఉన్నాడు. పక్కన కప్పులో కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. డాక్టర్ గుండెపోటు అని రాసి చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు ఉదయం సీక్రెట్ సర్వీస్ డైరెక్టర్ తన గది తలుపు వేయించి, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ వైపు చూశాడు. ఆమె కోడ్ నేమ్ పిన్ని. వయసులో ఆమెకంటే పెద్దవాడైన డైరెక్టర్ కూడా అలాగే పిలిచేవాడు.

"పోయినవాడు మీ అక్క భర్త. అందుకే నిన్ను పంపాలా వద్దా అని ఆలోచించాను."

"ఆలోచన అయిపోయిందా సర్?"

"అయింది. విను. కొత్త సమావేశ భవనంలో ఈరోజు రెండు దేశాల నాయకులు నదీజలాల ఒప్పందం మీద సంతకాలు పెడతారు. అది జరగకూడదని ఒక విదేశీ ముఠా పట్టుదలగా ఉంది. హాలు కింద నేలనంతా మీ బావ గ్రౌండ్ రాడార్‌తో సర్వే చేశాడు. నేల క్లీన్ అని రిపోర్టు. సంతకాలకు ముందు ఆ సర్వేను తెర మీద అందరికీ చూపిస్తారు."

"క్లీన్ అన్న మనిషి వాలుగా కొయ్యమని ఎందుకంటాడు?"

"అదే చూసి రా. ప్రొజెక్టర్ మెకానిక్‌గా వెళ్తావు. లోపల మన మనిషి ఉంది. సర్వే డేటా విభాగం హెడ్. కోడ్ నేమ్ నెమలి. చూడు, చెప్పు, తిరిగిరా. సొంత పెత్తనం మాత్రం వద్దు."

పిన్ని కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

* * *

కంట్రోల్ రూమ్ హాలుకు వెనకవైపు, మేడ మీద ఉంది. మధ్యలో తిరిగే స్టాండు మీద దూడంత ప్రొజెక్టర్. దాని ముందు అద్దం, అద్దం అవతల హాలు, హాలు చివర వేదిక. నీలం యూనిఫాం, భుజాన టూల్‌బ్యాగ్, చెవిలో బఠాణీ గింజంత రేడియో - పిన్ని లోపలికి వచ్చేసరికి కంప్యూటర్ ముందు ఒకావిడ కూర్చుని ఉంది. నెమలి కంఠం రంగు సిల్కు కోటు. గదంతా ఖరీదైన సెంటు వాసన. కావలి కుర్రాళ్ళు ఆవిడ వైపు చూస్తూ పిన్ని బ్యాగు తనిఖీ చేయడం మరిచిపోయారు.

"బల్బు మార్చాలా, లెన్స్ తుడవాలా?" అడిగింది పిన్ని.

"రెండూ వద్దు. వెలుగు తగ్గించండి చాలు."

కోడ్ సరిపోయింది. నెమలి గొంతు తగ్గించింది. "మీ బావగారి సంగతి విన్నాను. చాలా మంచి మనిషి. డేటా చూసుకోండి, ఏమీ లేదు. నేను కిందికెళ్ళి అతిథుల్ని పలకరించి వస్తా."

తలుపు మూసుకోగానే పిన్ని కుర్చీ లాక్కుంది.

కంప్యూటర్ తెర మీద ఒక పెద్ద దిమ్మ తిరుగుతోంది. హాలు కింద నేలంతా ఆ దిమ్మలో ఉంది. రొట్టెను కోసినట్టు సాఫ్ట్‌వేర్ దాన్ని పలచటి స్లైసులుగా కోసి చూపిస్తుంది. మట్టి బూడిద రంగులో, రాయి తెల్లగా, ఖాళీ చోటు నల్లగా కనిపిస్తాయి. పిన్ని పైనుంచి కిందికి కోసింది. ఎడమ నుంచి కుడికి కోసింది. ముందు నుంచి వెనక్కి కోసింది. అంతటా బూడిద రంగే. స్లైసును వాలుగా తిప్పింది. అప్పుడూ అంతే.

బావ పొరపాటు పడ్డాడా?

పడడు. అక్క కూరలో ఉప్పు మరిచిపోయినా నోరెత్తని మనిషి, లెక్కలో చుక్క తేడా వస్తే ఇల్లు పీకి పందిరేసేవాడు. తెర మీది మట్టిని పిన్ని మళ్ళీ పరీక్షగా చూసింది. ఎక్కడా ఒక గులకరాయి లేదు, చెట్టు వేరు లేదు. నేల ఇంత నున్నగా ఉంటుందా?

మెనూలు ఒక్కొక్కటే తెరిచింది. ఒక మూల, ఎవరూ చూడని చోట, "మచ్చల తొలగింపు" అని ఒక ఫిల్టర్ ఆన్‌లో ఉంది. ఏ స్లైసులో చిన్న మచ్చ కనిపించినా అది పనికిరానిదని చెరిపేసే ఫిల్టర్.

ఆఫ్ చేసింది.

గులకరాళ్ళు, వేర్లు బయటపడ్డాయి. వాటి మధ్య ప్రతి స్లైసులోనూ ఒక నల్లచుక్క. స్లైసు మారితే చుక్క కొంచెం జరుగుతోంది. పిన్ని ఊపిరి బిగబట్టి, చుక్క జరిగే దారి వెంటే స్లైసును మెల్లగా వాల్చింది.

చుక్కలన్నీ కలిసిపోయాయి. తెరకు అడ్డంగా నల్లగా, పొడుగ్గా ఒక సొరంగం. ఒక కొస ఎదురు వీధిలోని లాండ్రీ కింద. రెండో కొస సరిగ్గా వేదిక కింద. అక్కడ తెల్లగా నాలుగు పెట్టెలు.

డేటాను మారిస్తే దాని మీది డిజిటల్ సీలు చెడి దొరికిపోతారు. అందుకే డేటా జోలికి పోకుండా, చూసేవాళ్ళ కళ్ళకు గంతలు కట్టారు. ఆ గంతలు బావ విప్పాడు. అందుకే పోయాడు.

"సర్," రేడియోలో గుసగుసగా అంది పిన్ని, "వేదిక కింద సొరంగం ఉంది. పేలుడు పెట్టెలున్నాయి. సమావేశం ఆపించండి. లాండ్రీకి మనుషుల్ని పంపండి."

కాసేపు గరగర. తర్వాత డైరెక్టర్ గొంతు. "లాండ్రీకి పంపుతా. సమావేశం మాత్రం ఆపలేను. క్లీన్ అని సంతకం పెట్టింది మన డిపార్ట్‌మెంటే. ఒక బొమ్మ చూసి ఇద్దరు నాయకుల్ని బయటికి తరిమితే లోకం నవ్వుతుంది. నువ్వు వెనక్కి వచ్చెయ్. ఇది ఆర్డర్."

"నవ్వనివ్వండి. నేను రాను."

"పిన్నీ!"

ఆమె రేడియో పీకి టూల్‌బ్యాగ్‌లో పడేసింది.

వెనక గడియ పడిన చప్పుడైంది. నెమలి. ఎడమచేతిలో చిన్న సెంటు సీసా, కుడిచేతిలో లేజర్ పాయింటర్.

"ఫిల్టర్ ఎందుకు తీశారు?" నవ్వుతూనే అడిగింది.

"నువ్వెందుకు పెట్టావో తెలుసుకుందామని."

"మీ బావగారూ ఇలాగే అడిగారు. ఈ సెంటు ఒక్కసారి పీల్చారు, అంతే." సీసా పైకెత్తింది. "నేను విరుగుడు వేసుకునే వచ్చా. పేలుడు మీట ఈ పాయింటర్లోనే ఉంది. నాయకులిద్దరూ కుర్చీల్లో కూర్చోగానే నొక్కుతా. గోడలు గట్టివి, ఈ గదికి ఏమీ కాదు. ఫిల్టర్ ఆన్ చేసి వెనక మెట్ల మీదుగా వెళ్ళిపో. మీ అక్కకు నువ్వైనా మిగులుతావు."

"మా అక్క సంగతి నీకు తెలీదు. ఇలా మిగిలానని తెలిస్తే గడప తొక్కనివ్వదు."

"బతికే దారి చెప్తుంటే మొండికేస్తావేం?"

"బెదిరింపులకు వంగే నడుము కాదులే నాది. నీ పని నువ్వు చూసుకో, నా పని నేను చూసుకుంటా."

కింద మైకు పలికింది. "నాయకులను వేదిక మీదికి ఆహ్వానించే ముందు, ఒక్కసారి తెర మీద ఈ నేలను చూడండి!"

పిన్ని చెయ్యి కీబోర్డు మీద పడింది. ఆమె ముందున్న బొమ్మ ప్రొజెక్టర్‌కు వెళ్ళింది.

హాలులోని తెర నిండా నల్లటి సొరంగం పరుచుకుంది. వేదిక ఉన్న చోటు, దాని అడుగున నాలుగు పెట్టెలు, అన్నీ అద్దంలో చూసినంత స్పష్టంగా ఉన్నాయి. ముందు వరుసవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. తర్వాత ఎవరో కెవ్వుమన్నారు. మెట్లు ఎక్కుతున్న నాయకులిద్దరినీ అంగరక్షకులు ఎత్తుకున్నంత పని చేసి వెనక్కి లాగారు. జనం తలుపుల మీద పడ్డారు.

"నాయకులిద్దరూ ఇంకా హాల్లోనే ఉన్నారు," అంటూ నెమలి సెంటు చిమ్మింది.

పిన్ని అప్పటికే ఊపిరి బిగించింది. ప్రొజెక్టర్‌ను రెండు చేతులా పట్టి గిర్రున తిప్పింది. హాలంతటికీ సరిపడే వెలుగు ఒక్కసారిగా నెమలి కళ్ళలో గుచ్చుకుంది. ఆవిడ కెవ్వుమని సీసా వదిలేసింది, పాయింటర్ మాత్రం వదల్లేదు. గుడ్డిగా బొటనవేలు మీట కోసం వెతుకుతోంది. పిన్ని ఒక అంగలో ఆ మణికట్టు పట్టుకుని, పాయింటర్ అడుగు మూత ఒక్క మెలి తిప్పింది.

బ్యాటరీ నేల మీద పడి దొర్లింది. అప్పుడే బొటనవేలు మీటకు దొరికింది.

టిక్.

ఏమీ కాలేదు. మళ్ళీ టిక్. మళ్ళీ ఏమీ కాలేదు.

"నొక్కు తల్లీ, తనివితీరా నొక్కు," అంటూ పిన్ని మోచేత్తో కిటికీ పగలగొట్టి, గాలి గుండెల నిండా పీల్చింది.

* * *

లాండ్రీ బేస్‌మెంట్లో ముఠా మనుషులు ఇద్దరు దొరికారు. నెమలిని కావలి కుర్రాళ్ళు బేడీలు వేసి తీసుకెళ్ళారు. నాలుగు పెట్టెలనూ ఎక్కడివక్కడ పేలకుండా చేసేశారు. డైరెక్టర్ ఆయాసపడుతూ మేడ ఎక్కి వచ్చేసరికి పిన్ని ఫోన్లో ఉంది.

"అక్కా, బావది గుండె జబ్బు కాదే. ఆయన గుండెకు ఏమీ కాలేదు. చివరిదాకా బాగానే పనిచేసింది." అవతల ఏడుపు సద్దుమణిగేదాకా అలాగే నిలబడింది. తర్వాత ఫోన్ దించి డైరెక్టర్ వైపు తిరిగింది.

"ఆర్డర్ ధిక్కరించావు," అన్నాడాయన.

"మళ్ళీ ఇస్తే మళ్ళీ ధిక్కరిస్తా సర్."

ఆయన కింద ఖాళీ వేదిక కేసి చూసి, నేల మీది బ్యాటరీ ఏరి ఆమె చేతిలో పెట్టాడు.

ఒప్పందం ఆ సాయంత్రమే జరిగింది, భవనం వెనక పచ్చిక మీద. అప్పుడే పచ్చికకు నీళ్ళు చిమ్మి ఉండటంతో కుర్చీలన్నీ తడిగా ఉన్నాయని రెండు దేశాలూ విడివిడిగా ఫిర్యాదు చేశాయి. ఇన్నేళ్ళ చర్చల్లో ఇరుపక్షాలూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి.