మూడో పిలుపు

చిల్లకల్లు దగ్గర హైవే దిగి మా ఊరికొచ్చే మట్టిరోడ్డులో, సగం దూరాన పాత క్వారీ గుంత ఉంది. సున్నపురాయి తవ్వినంత తవ్వి ఎప్పుడో వదిలేశారు. కత్తితో కోసినట్టుండే నిలువు గోడలు, అడుగున పచ్చటి నీళ్ళు. పొద్దుగూకితే మావాళ్ళెవరూ అక్కడ ఆగరు. అందులో ఉన్నది పేరు పెట్టి పిలుస్తుందంటారు.

మా నాయనమ్మ సీతారావమ్మ దానికో లెక్క చెప్పేది — "రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలకమాకే రాజీ. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు. అదైతే... రెండుసార్లతో ఆపేస్తది."

మొన్న డిసెంబర్లో అది నన్ను పిలిచింది. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. నేనే చెప్పా. కానీ సగమే చెప్పా.

మిగతా సగం ఇప్పుడు రాస్తున్నా.

నేను జగ్గయ్యపేటలో జిరాక్స్ షాపులో పని చేస్తా. ఇంటర్ మధ్యలో ఆపేసా. పక్షుల గురించి నాకు తెలిసిందంతా ఫోన్లో చూసి, షాపుకొచ్చిన పుస్తకాలకి దొంగచాటుగా ఇంకో కాపీ తీసుకుని నేర్చుకున్నదే. అలాంటిదాన్ని, కృష్ణ ఒడ్డు గుట్టల్లో గుడ్లగూబల లెక్క తీయడానికి వాలంటీర్లు కావాలంటే ధైర్యం చేసి పేరిచ్చా. మూడు రాత్రుల పని.

పని ఇంతే — ఒకచోట రికార్డర్ పెట్టాలి. మన పేరు, చోటు, టైం గట్టిగా చెప్పాలి. ఆపైన పది నిమిషాలు కదలకూడదు, మాట్లాడకూడదు. వినాలి.

మూడో రాత్రి, అందరూ దూరంగా ఏదో కుక్క అనుకున్నదాన్ని కొమ్ముల గుడ్లగూబ అని పట్టుకున్నా. మమ్మల్ని నడిపించిన రిటైర్డ్ సైన్సు మాస్టారు చంద్రమౌళి గారు అందరి ముందూ అన్నారు — "డిగ్రీలున్నది మీకు. చెవులున్నది మాత్రం ఈ అమ్మాయికే!"

ఆ మాటకి నేల మీద నిలవలేకపోయా.

మర్నాడు సాయంత్రం వ్యాన్ మమ్మల్ని నందిగామలో దింపింది. బస్టాండులో మాస్టారు రికార్డర్ నా చేతిలో పెట్టారు. "మీ ఊరి దగ్గర క్వారీ ఉందన్నావుగా. ఆ గుడ్లగూబలకి రాతిగోడలంటే ఇష్టం. ఓ రాత్రి విని చూడు. సోమవారం తెచ్చివ్వు."

"అందులో దెయ్యం ఉందంటారండి."

"అయితే దాని గొంతూ పట్టుకురా. కొత్త జాతి కింద రాసుకుందాం!"

బస్సులో దారంతా నవ్వుకుంటూనే వచ్చా. చిల్లకల్లులో లూర్దమ్మ టిఫిన్ కొట్టు పక్కన నా స్కూటీ పెట్టి వెళ్ళా. తాళం తీస్తుంటే ఆవిడ కేకేసింది — "ఎన్ని గూబలే మొత్తం? చీకటి పడింది, గుంత కాడ ఆగమాక!"

ఆగా.

ఇంకో రాత్రి దాకా ఓపిక లేదు. మళ్ళీ ఆ మెచ్చుకోలు కావాలి. స్కూటీ రోడ్డు మీదే వదిలి, గుంత అంచున ఓ బండరాయి మీద రికార్డర్ పెట్టా. గట్టిగా చెప్పా.

"రాజ్యశ్రీ. పాత క్వారీ, చిల్లకల్లు రోడ్డు. ఎనిమిదీ నలభై."

ఇంట్లోనూ, ఊళ్ళోనూ నేను రాజీనే. రాజ్యశ్రీ అనేది సర్టిఫికెట్లకీ, రికార్డర్‌కీ.

చలి. కింద నీళ్ళు కనపడట్లేదు, వాసనే వస్తోంది... నాలుగు నిమిషాలు గడిచాయేమో. ఎదుటి గోడ మీద నుంచి — బూ...ఊ. అదే! గుడ్లగూబే! అరిచేసేదాన్ని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా.

అప్పుడు వినపడింది.

"రాజ్యశ్రీ..."

కింద నుంచి. మగ గొంతు. తడిసిన గోనెసంచిని రాళ్ళ మీద ఈడ్చినట్టు... గోడలు దాన్ని ఇటూ అటూ తిప్పి నా మీదికి విసిరాయి.

ఎవరూ పిలవని పేరు. దానికెలా తెలిసింది?

"రాజ్య...శ్రీ..."

రెండు.

మూడోదానికోసం ఆగా — దేవుడా, పిలవనీ, మనిషే అవనీ... నీళ్ళు ఓసారి కదిలాయి. అంతే. ఇంకేం లేదు.

మూడోది రాలేదు.

రికార్డర్ సంగతే మర్చిపోయి పరుగెత్తా.

ఇంటికెళ్ళి చెప్తే నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. "పలక్కుండా వచ్చావు, బతికిపోయావు తల్లీ!" తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది.

మధ్యాహ్నానికి గుంతలో శవం దొరికింది.

చిల్లకల్లులో ఉండే పీరా. లారీ డ్రైవర్. ముందురోజు సాయంత్రం మేక తప్పిపోతే వెతుక్కుంటూ వచ్చాడట, అంచు విరిగి పడ్డాడు. సగం నీళ్ళలో, సగం రాళ్ళ మీద ఉన్నాడు. సెల్లు నీళ్ళలో పోయింది. ఎప్పుడు ప్రాణం పోయిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. "రాజీ పలకలేదని అది పీరాని పట్టుకుంది" అన్నారు మా ఊరివాళ్ళు.

ఆ జనంలో నేనూ ఉన్నా. బండరాయి మీద రికార్డర్ తీసి, చున్నీ కింద దాచుకుని వచ్చేసా. సోమవారం మాస్టారికిచ్చేటప్పుడు, "మెమరీ కార్డు పాడైందండి" అన్నా. కార్డు నా దగ్గరే ఉంది.

పది రోజుల తర్వాత ఒకావిడ షాపుకొచ్చింది. డెత్ సర్టిఫికెట్, ఐదు కాపీలు. పేరు చూసా. పీరా. ఆవిడ ఆయన భార్య, జైబున్నీసా.

"ఆ రాత్రి పిలుపు విన్న పిల్లవి నువ్వేనంట కదమ్మా?"

"అవునండి."

"అది... మా ఆయన గొంతు కాదు కదా?"

మెషిన్ లోపల వెలుగు అటూ ఇటూ పోతోంది.

"కాదండి. అసలది మనిషి గొంతే కాదండి."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "అల్లా దయ. అరిచి అరిచి పోయాడేమోనని నాకు నిద్ర పట్టట్లా. పడగానే పోయుంటాడు. అంతే కదమ్మా?"

"అంతేనండి."

అప్పటికే నేను కార్డు వినేసా.

నాలుగో నిమిషంలో గుడ్లగూబ. తర్వాత మొదటి పిలుపు. రెండోది. నా చెప్పుల చప్పుడు, స్కూటీ చప్పుడు... అది దూరమయ్యాక ఉత్త చలిగాలి. నా పేరు కిందున్న గొంతుకి ఎలా తెలిసిందో అప్పుడర్థమైంది. నేనే చెప్పా. గుంత అంచున నిలబడి, గట్టిగా.

తొమ్మిదో నిమిషంలో...

"రాజ్యశ్రీ... అమ్మా..."

మూడోసారి.

పైన ఉన్న మనిషి ఎలా చెప్పిందో అలాగే చెప్తే నమ్ముతుందనుకున్నాడేమో. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుని చెప్పాడు —

"పీరా... చిల్లకల్లు..."

పేరు. చోటు.

టైం చెప్పలేకపోయాడు. అది నాకు తెలుసు.

ఎనిమిదీ నలభై తొమ్మిది.