నలభై రెండు పేజీల ప్లాన్

సంగారెడ్డి గ్రంథాలయంలో ప్రతి నెలా రెండో ఆదివారం కథలు రాసేవాళ్లు కూర్చుంటారు. ఆ ఫిబ్రవరిలో చర్చ, కథ మొదలుపెట్టే ముందు ఎంత ప్లాన్ చేసుకోవాలి అని. సమావేశాలు నడిపే రిటైర్డ్ హెడ్మాస్టర్ భీమశంకరం గారు ముందుగా సుధీర్‌ని మాట్లాడమన్నారు.

సుధీర్ లేచి నోట్‌బుక్ తెరిచాడు. పటాన్‌చెరు అవతల వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ప్లానింగ్ అతని ఉద్యోగం. ఏ మెషీన్ మీదికి ఏ రోజు ఏ పని ఎక్కాలో వారం ముందే గీసిపెడతాడు. కథలకూ అంతే. పాత్రల వయసులు, వాళ్ల ఇంటి గదులు, ఏ సన్నివేశం తర్వాత ఏది, చివరి వాక్యం ఏమిటి, అన్నీ నీలం గీతల్లో, ఎర్ర గీతల్లో ఉన్నాయి. ఇప్పుడు రాయబోయే కథకు నలభై రెండు పేజీల ప్లాన్ ఉందని చెప్పాడు.

"మరి కథేది?" అని వెనక వరసలోంచి ఒక అమ్మాయి అడిగింది.

"ఇంకా మొదలుపెట్టలేదండి."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అతని వంకే చూస్తోంది. అతనికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె పేరు హరిచందన. జోగిపేట బస్టాండు దగ్గర బట్టలు కుట్టే జంగయ్య ఒక్కగానొక్క కూతురు. కొండాపూర్ మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారి. స్కూటీ మీద ఊరూరూ తిరిగి, ఎవరి చేలో ఏ పంట ఉందో రాసుకునే పని. తర్వాత ఆమె తన కథ చదివింది. ఒక ముసలామె చేతి కుట్టుమిషన్‌ని ఒళ్లో పెట్టుకుని జహీరాబాద్ బస్సెక్కుతుంది. కండక్టర్ ఎంత అడిగినా ఎక్కడ దిగాలో చెప్పదు. బస్సు సదాశివపేట దాటుతుంది. అక్కడ హరిచందన కాగితాలు మడిచేసింది.

సుధీర్ తన అవమానం సంగతి మరిచిపోయాడు. ఆ ముసలామె ఎక్కడ దిగుతుందని అడిగాడు.

"నాకెట్ల తెలుస్తది? ఆమె ఇంకా బస్సులనే ఉన్నది."

"తెలియకుండా ఎలా మొదలుపెట్టారండీ?"

"అంతా తెలిస్తే ఇగ రాసుడెందుకు?"

ఇలాంటి సగం కథలు ఆమె దగ్గర తొమ్మిది ఉన్నాయని తేలింది. అతని దగ్గరేమో మొదలుపెట్టని ప్లాన్లు ఏడు. భీమశంకరం గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఈ బస్సు కథని ఇద్దరూ కలిసి పూర్తిచెయ్యమని అప్పజెప్పారు.

శనివారాలు మధ్యాహ్నం మొదటి షిఫ్ట్ అయ్యాక సుధీర్ పాత బస్టాండు దగ్గరున్న సాదుల్లా హోటల్‌కి వచ్చేవాడు. ఆమె పొలాల నుంచి నేరుగా వచ్చేది. చున్నీ అంచుకి పల్లేరుకాయలు అతుక్కుని ఉండేవి. మాట్లాడుతూనే వాటిని ఒక్కొక్కటే తీసి సాసర్ అంచున వరసగా పెట్టేది. అతను ప్లాన్ వివరిస్తూ వాటిని లెక్కపెట్టుకునేవాడు. పదకొండు ఉన్న రోజున ఆమె దూరపు ఊరికి వెళ్లొచ్చిందని అర్థం.

ముసలామెకు అతను మూడు ముగింపులు గీసుకొచ్చాడు. కొడుకు దగ్గరికి వెళ్తుంది, మిషన్ అమ్మేస్తుంది, లేదా అదే బస్సులో వెనక్కి వస్తుంది. చందన ఒక్కోదాన్నీ రాయడానికి కూర్చునేది. రెండు పేజీలు పోయేసరికి ముసలామె కండక్టర్‌తో వేరే ఏదో మాట అందుకునేది. ఈవిడ అసలు చెప్పిన మాట వినడం లేదని సుధీర్ ఫిర్యాదు చేస్తే, తన మాట మాత్రం వింటుందా అని చందన నవ్వేది. ముసలామెను కనీసం మునిపల్లి దగ్గరన్నా దింపమని సాదుల్లా సలహా ఇచ్చాడు, అక్కడ అతని చెల్లెలు ఉంటుందట.

జూన్‌లో ఒక శనివారం వాన పడుతుంటే, ఏ కథా ఎందుకు పూర్తిచెయ్యరని సుధీర్ మెల్లగా అడిగాడు. ఆమె వాన వైపు చూస్తూ చెప్పింది. వాళ్లమ్మ చొక్కాలకు కాజాలు కుడుతూ కథలు చెప్పేదట. సగంలో సూది పక్కన పెట్టి, తతిమ్మాది రేపు అనేదట. చందన ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు అలాగే ఆపింది. ఆ రేపు రాలేదు.

"కథ ఒడవకుంటే చెప్పేటోళ్లు యాడికి పోరని అనిపిస్తది" అంది చందన. "ఉత్త పిచ్చి. నాకు తెలుసు."

పిచ్చి కాదని చెప్పాలనుకున్నాడు సుధీర్. సాసర్ మీది పల్లేరుకాయల్ని దగ్గరగా జరిపాడు, అంతే. ఇంటికి వెళ్లేదాకా అతని వేళ్లకు ఆ ముళ్లు గుచ్చుకున్నట్టే ఉంది.

పోతిరెడ్డిపల్లిలో సుధీర్ వాళ్ల ఇల్లు. నాన్న త్రినాథరావు గారు నలభై ఏళ్ల కిందట తణుకు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సుధీర్ ఇక్కడే పుట్టినా ఇంట్లో మాట మాత్రం గోదావరి మాటే. ఆ సాయంత్రం అతను కొత్త నోట్‌బుక్ తీశాడు. మొదటి పేజీలో చందన పేరు రాశాడు. తర్వాత కథ పూర్తవ్వాలి, పత్రికలో రావాలి, పత్రిక చేతికి వచ్చిన ఆదివారం చెరువు కట్ట మీద ఆమెతో చెప్పాలి అని వరసగా రాసుకున్నాడు. ఆమె ఏమంటే తను ఏమనాలో కూడా మూడు రకాలుగా రాశాడు. జూలై రెండో వారానికల్లా ఆ ప్లాన్ పదిహేను పేజీలైంది.

ఆ వారంలోనే చందన ఫోన్ చేసింది. పోయినేడు రాసిన పరీక్షలో వ్యవసాయ అధికారి ఉద్యోగం వచ్చిందట, ఇప్పటిదానికి పైమెట్టు. ఆసిఫాబాద్ జిల్లాలో పోస్టింగ్. సోమవారం చేరాలి. ఆమె గొంతులో సంతోషం ఉంది, దాని కింద మరేదో కూడా ఉంది. సుధీర్ అభినందనలు చెప్పాడు. ఫోన్ పెట్టేశాక, ఎంత మర్యాదగా చెప్పాడో తలుచుకుని తన మీద తనకే కోపం వచ్చింది.

ఆదివారం పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో హైదరాబాద్ బస్సు కోసం ఆమె ట్రంకుపెట్టెతో నిలబడింది. ముసురు పట్టింది. సుధీర్ గొడుగు పట్టుకుని వచ్చాడు. నోట్‌బుక్ ఇంట్లోనే ఉంది. అందులోని పదిహేను పేజీల్లో ఒక్క ముక్కా గుర్తు లేదు.

"మీరు వెళ్లిపోతే శనివారాలు ఏం చెయ్యాలో నాకు తెలియదు" అన్నాడు. "మిగతా రోజులు కూడా తెలియదు. మీరంటే నాకిష్టం చందనా."

ఆమె తలెత్తింది. "ఇది మీ నోట్‌బుక్కుల ఉన్నదా?"

"లేదు."

బస్సు వచ్చి ఆగింది. సుధీర్ పెట్టె ఎక్కించాడు. ఆమె మెట్టు మీద నిలబడి, కడ్డీ పట్టుకుని, వానలో తడుస్తున్న అతని చెప్పుల వంక చూస్తూ మాట్లాడింది.

"నాక్కూడ ఇష్టమే కావచ్చు. గానీ నేను ఏది మొదలువెట్టినా సగంల ఇడిచిపెట్టుడే కదా. గదే భయం. నాకు జెర టైమియ్యుండ్రి. ఎన్ని రోజులని అడగకుండ్రి."

అతను అడగలేదు.

తర్వాతి శనివారం కాళ్లు వాటంతటవే హోటల్‌కి తీసుకెళ్లాయి. సాదుల్లా అలవాటుగా రెండు కప్పులు తెచ్చి, ఒకటి వెనక్కి తీసుకెళ్లాడు. సుధీర్ ఫోన్‌లో ఆసిఫాబాద్ వాతావరణం చూడటం మొదలుపెట్టాడు. పటాన్‌చెరులో ఎండ పేలిపోతున్నా, అక్కడ వాన పడుతోందంటే ఆమె రెయిన్‌కోటు వేసుకుందా లేదా అని షిఫ్టంతా దిగులు పడేవాడు. ఎప్పుడైనా ఆమె నుంచి ఒక ఫోటో వచ్చేది. పత్తి చేను, పొంగిన వాగు, బడి గోడ మీద మేక. కింద ఒక్క అక్షరం ఉండేది కాదు. అతను పెద్ద జవాబు టైప్ చేసేవాడు, మొత్తం చెరిపేసేవాడు, చివరికి 'బాగుంది' అని పంపేవాడు. ఆ ఒక్క మాట పక్కన రెండు నీలం టిక్కులు పడేదాకా ఫోన్ కింద పెట్టేవాడు కాదు.

ఫ్యాక్టరీలో ఎవరైనా చున్నీ దులుపుకుంటే తిరిగి చూసేవాడు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. తణుకు వైపు సంబంధాలు చూద్దామని అమ్మ కనకమహాలక్ష్మి రెండుసార్లు అడిగింది. రెండోసారి అతను దాచకుండా అంతా చెప్పేశాడు. ఆవిడ చిక్కుళ్లు ఒలవడం ఆపలేదు. ఆ పిల్ల రానంటే ఏం చేస్తావని అడిగింది. అతను చిక్కుళ్ల పళ్లెం దగ్గరికి లాక్కుని తనూ ఒలవసాగాడు.

నవంబర్ సమావేశం తర్వాత భీమశంకరం గారు అతన్ని ఆపారు. ప్లాన్లన్నీ చించేద్దామనుకుంటున్నానని సుధీర్ అంటే, ఆయన కుర్చీలు సర్దుతూ చెప్పారు:

"ముప్పై ఆరేండ్లు పొద్దున్నే లెసన్ ప్లాన్ రాసుకుని బడికి పోయిన. క్లాసులకు అడుగుపెట్టినంక ఒక్కనాడు కూడ రాసుకున్నట్టు జరగలే. అయినా రాసుకోకుండ ఒక్కనాడు పోలే. చించుడెందుకు? చిన్నగ రాసుకో. రాసుకున్నంక క్లాసులకు పో."

సుధీర్ ఒకే ఒక్క పేజీ ప్లాన్ రాసుకున్నాడు. ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయిన ఒక కాలనీ, అది వదిలి వెళ్లిపోవాలనుకునే ఒక ముసలి ఫిట్టర్. ఏడో పేజీలో ఆ ఫిట్టర్ వెళ్లనని కూర్చున్నాడు. సుధీర్ పెన్ను ఆగింది. ప్లాన్ పక్కన పెట్టి అతని వెంట నడిచాడు. ఫిబ్రవరికి కథ పూర్తయింది. గొప్ప కథేం కాదని అతనికే తెలుసు. అయినా చేతిరాత కాగితాలు కవర్లో పెట్టి ఆసిఫాబాద్ పంపాడు. తమ ఇద్దరి గురించి ఒక్క మాట కూడా రాయలేదు.

మార్చిలో ఫ్యాక్టరీ గేటు దగ్గర అతని పేరున లావుపాటి కవరు వచ్చింది. బస్సు దిగి వచ్చే లోడింగ్ కూలీలు హిందీలో మాట్లాడుకుంటూ దాటిపోతుంటే, అక్కడే నిలబడి చదివాడు. ముసలామె పేరులేని ఒక స్టేజీ దగ్గర దిగుతుంది. ఎవరో తెలియని పిల్ల మిషన్‌కి ఒక చెయ్యి వేస్తుంది. ఇద్దరూ చెట్టు కింద కూర్చుంటారు. ఆ పిల్లకు సూదిలో దారం ఎక్కించడం నేర్పి ముసలామె లేచి వెళ్లిపోతుంది. అతను గీసిన మూడు ముగింపుల్లో ఇది లేదు. కథ కింద 'అయిపోయింది' అని ఉంది. ఆ కింద ఉత్తరం.

'మీ ఫిట్టర్ కథ చదివినంక రాయబుద్ధయింది. మీరు మొదలువెట్టిండ్రు, నేను ఒడగొట్టలేనా అని. ఆఖరి మాట రాసినప్పుడు మస్తు ఏడ్చిన. గానీ ఏం గాలె. మా అమ్మ నాతోనే ఉన్నది. మా నాయినకు మీ గురించి చెప్పిన. వచ్చే ఆదివారం నేను జోగిపేటల ఉంట. ఇంట్ల అడిగి రండ్రి. శనివారాలు నాక్కూడ ఏం తోస్తలేదు.'

కనకమహాలక్ష్మి ఆ కథనీ ఉత్తరాన్నీ రెండుసార్లు చదివింది. కళ్లజోడు తుడుచుకుని, తనూ వస్తానని చీర మార్చుకోవడానికి లేచింది. ఇవాళ గురువారమే అమ్మా అని సుధీర్ చెప్పాల్సి వచ్చింది.

ఆదివారం జంగయ్య తన దుకాణంలో సుధీర్‌నీ, అతని అమ్మానాన్నల్నీ బల్ల మీద కూర్చోబెట్టాడు. చందన చాయ్ ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఎనిమిది నెలల్లో కాస్త నల్లబడింది. సుధీర్ ఆమెను చూడకుండా ఉండాలనుకున్నాడు, కుదరలేదు. ఆమె కూడా అతని మీది నుంచి చూపు తిప్పుకోలేదు.

జంగయ్య సూటిగా అడిగాడు. "మా బిడ్డది ఊరూరు తిరిగే నౌకరి. మీది ఈడ కంపెనీల. ఎట్ల చేస్తరు సారూ?"

"రెండేళ్ల తర్వాత ఆవిడ బదిలీకి పెట్టుకోవచ్చు. అప్పటిదాకా శనివారం సాయంత్రాలు నేను వెళ్తాను. అంతవరకే అనుకున్నానండి. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు."

"తెల్వదని ధైర్యంగనే చెప్తున్నరు."

"మా ఇంటికి రావడానికి మీ అమ్మాయికిష్టమేనా, అదొక్కటి చెప్పండన్నయ్యగారూ" అంది కనకమహాలక్ష్మి. జంగయ్య తలుపు వైపు చూశాడు. చందన తల ఊపింది.

జంగయ్య లేచాడు. మెళ్లోని టేపు తీసి సుధీర్‌ని నిలబడమన్నాడు. చందనకు పుస్తకం, పెన్సిల్ అందించి, పెండ్లి బట్టలు తన చేతి మీదే కుట్టాలని ఉందని త్రినాథరావు గారికి చెప్పాడు. భుజాలు కొలిచాడు, చేతులు కొలిచాడు. నాయిన చెప్పే ఒక్కో అంకె చందన రాసుకుంది. టేపు ఛాతీ చుట్టూ తిప్పి, జంగయ్య ఆగి అతని ముఖంలోకి చూశాడు.

"ఊపిరి ఇడువు అల్లుడా. పట్టుకుంటే కొలత తప్పొస్తది."

సుధీర్ ఊపిరి వదిలాడు. జంగయ్య అంకె చెప్పాడు. చందన రాసుకోలేదు. పెన్సిల్ పట్టుకుని అతన్నే చూస్తూ నిలబడిపోయింది. మళ్లీ కొలవాల్సి వచ్చింది.