ఖంగుమన్న బ్రేక్ డిస్క్

"సింహాచలం బస్సు వెళ్ళిపోయిందా?"

"లేదు. డ్రైవరు టీ తాగుతున్నాడు."

కోడ్ వర్డ్ సరిపోయింది. సుందర్ రాజ్ బెంచీ మీద కూలబడ్డాడు. 1984 మే నెల. విశాఖ హార్బర్ గేటు ఎదుట టీ కొట్టు. పొద్దున్నే ఉక్కపోత మొదలైపోయింది. ఎదురుగా బాస్ విజయరత్నం సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు.

సుందర్ రాజ్ చాలా ఏళ్ళుగా సీక్రెట్ ఏజెంట్. భార్య జయమణికి మాత్రం ఇన్సూరెన్స్ సర్వేయర్. పారాదీప్‌లో ఒక ఆపరేషన్ ముగించుకుని అప్పుడే రైలు దిగాడు. కుడి మోకాలు సలుపుతోంది.

"సార్, లీవ్ ఇస్తానన్నారు."

"ఇచ్చాను, రేపట్నుంచి. ముందిది విను. సబ్‌మెరైన్ల కోసం మనవాళ్ళు కొత్త రకం స్టీల్ తయారుచేశారు. టెస్టింగ్‌కి తెచ్చిన ప్లేటు ల్యాబ్ నుంచి మాయమైంది. కొట్టేసింది కార్ల్. ఫారిన్ మెషినరీ కన్సల్టెంట్ అని చెప్పుకుంటూ ఊళ్ళో తిరుగుతున్నాడే, వాడు. ఆ స్టీల్ వాళ్ళ దేశం చేరితే మన సబ్‌మెరైన్ ఏ దెబ్బకి పగులుతుందో వాళ్ళకి తెలిసిపోతుంది. లోపలుండేది మన కుర్రాళ్ళు, సుందర్."

"ప్లేటు ఎక్కడుంది?"

"సాయంత్రం వాడూ, వాడి కారూ షిప్ ఎక్కుతున్నారు. కస్టమ్స్ వాళ్ళు సీట్లు, డోర్లు, టాంకు అన్నీ వెతికారు. ఏమీ దొరకలేదు. కానీ కార్ల్‌కి దగ్గరగా మసిలే ప్రేమలీల ఒక మాట చెప్పింది. మొన్న కార్ల్ తన బంగళాలో తనే కారు జాకీ మీద ఎత్తి ముందు బ్రేకులు విప్పాడట. డ్రైవర్ని దగ్గరికి కూడా రానివ్వలేదట."

సుందర్ రాజ్ గ్లాసు దించాడు. "ప్లేటుని కోయించి బ్రేక్ డిస్కులుగా చేయించాడన్నమాట."

"నా అనుమానమూ అదే. నువ్వు వాటిని మార్చెయ్. వాడికి తెలియకూడదు. తెలిస్తే వెనకున్న స్పై రింగ్ అంతా జారిపోతుంది." విజయరత్నం బెంచీ కింద గోనెసంచిని కాలితో తోశాడు. అందులో అదే మోడల్ కారు డిస్కులు రెండున్నాయి.

"ప్రేమలీలని నమ్మొచ్చా?"

"మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఇవాళ ఎవరికో ఆమెకే తెలియాలి."

మధ్యాహ్నం జ్ఞానాపురంలో సుందర్ రాజ్ ఇంటి పెరడు. జయమణి కూర్మన్నపాలెంలో అక్క ఇంటికి వెళ్ళింది. మెకానిక్ వేషానికి అతను పెద్దగా కష్టపడలేదు. పాత ఖాకీ చొక్కా, గడ్డం, నిద్రలేని కళ్ళు. మిగిలినదంతా గ్రీజు.

కార్ల్ కారు లోపలికొచ్చింది. ముందు డ్రైవర్ ఎల్లాజీ దిగాడు. వెనక ప్రేమలీల. నల్ల కళ్ళద్దాలు, నీలం షిఫాన్ చీర. బీచ్ హోటల్ రిసెప్షన్‌లో ఆమె నవ్వు కోసమే రూమ్ తీసుకునేవాళ్ళున్నారు.

"కారు కడిగించి తెస్తానని కార్ల్‌తో చెప్పాను. త్వరగా కానివ్వండి," అంది.

సుందర్ రాజ్ చక్రం విప్పాడు. డిస్కుని రెండు వైపులా నొక్కిపట్టే క్యాలిపర్ కనిపించింది. వెనక బోల్టులు రెండూ విప్పి, బ్రేక్ ఆయిల్ గొట్టం లాగుకుపోకుండా క్యాలిపర్‌ని తీగతో స్ప్రింగుకి వేలాడదీశాడు. డిస్కు ఊడదీసి స్పానర్‌తో కొట్టాడు.

ఖంగుమంది.

"ఇదేటి బావూ, సర్చి గంటలాగ మోగతంది?" ఎల్లాజీ నోరు తెరిచాడు.

సుందర్ రాజ్ గోనెసంచిలోని డిస్కుని కొట్టాడు. టక్కుమని ఊరుకుంది. "అసలు డిస్కు పోత ఇనుముతో చేస్తారు. అది ఇలా మోగదు, బ్రేకు కూడా గట్టిగా పడుతుంది. ఇందాక మోగింది నేవీ వాళ్ళ స్టీలు."

"మా తమ్ముడు నేవీలోనే ఉన్నాడు బావూ." ఎల్లాజీ ముఖం గట్టిపడింది. "నాను ఎవుడికీ సెప్పను. మీరు కానియండి."

కొత్త డిస్కులు కాస్త మందం. క్లాంపు పెట్టి, డిస్కుని పట్టే పిస్టన్లని వెనక్కి నొక్కితేగాని క్యాలిపర్ కూర్చోలేదు. రెండో వైపూ అంతే. ఆఖరి నట్టు బిగించి, జాకీ దించి, నడుము పట్టుకుని లేచేసరికి ఎదురుగా చిన్న పిస్టల్.

"ఆ స్టీల్ డిస్కులు డిక్కీలో పెట్టండి," అంది ప్రేమలీల.

"కార్ల్ కోసమా?"

"కార్ల్ కన్నా మంచి బేరగాడి కోసం. పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయాను, సుందర్ రాజ్ గారూ. ఇదే ఆఖరు."

ఆ మాటలో నటన లేదు. అతను డిస్కులు డిక్కీలో పెట్టాడు. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. కారు సందులోకి దూసుకుపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. నొక్కిన పిస్టన్లు మళ్ళీ ముందుకు రావాలంటే పెడల్ పదేపదే తొక్కాలి. అతనింకా తొక్కలేదు. మొదటిసారి తొక్కితే పెడల్ నేలకంటుకుంటుంది, కారు ఆగదు. సందు వాలుగా వెళ్ళి రైల్వే గేటు దగ్గర ముగుస్తుంది. గేటు వేసి ఉంది. ఐరన్ ఓర్ గూడ్సు వెళుతోంది.

ఊరుకుంటే చాలు. డిస్కులు ఎక్కడికీ పోవు.

సుందర్ రాజ్ పరిగెత్తాడు. "ప్రేమలీలా! వదిలి తొక్కు! మళ్ళీ మళ్ళీ తొక్కు!"

కారు ఆగలేదు. కిటికీలోంచి ఆమె కేక వినిపించింది. ఎర్ర బ్రేక్ లైట్లు ఒకసారి వెలిగాయి, ఆరాయి. వెలిగాయి, ఆరాయి. మళ్ళీ. టైర్లు కీచుమన్నాయి. కారు బంపరు గేటు కర్రని ముట్టుకుని నిలబడింది. అవతల వ్యాగన్లు ధనధనమని పోతూనే ఉన్నాయి.

అతను కుంటుకుంటూ చేరేసరికి ఆమె స్టీరింగ్ మీద తల వాల్చి ఉంది. పిస్టల్ పక్క సీట్లో పడి ఉంది. అతను తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎందుకు అరిచారు? చచ్చి ఉండేదాన్నిగా."

"ఇవాళ ఇంకో చావు రిపోర్టు రాసే ఓపిక లేదు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. విజయరత్నం జీపు వచ్చేదాకా అతను రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాడు. జీపులో ఆమె వెళ్ళింది, డిస్కులు వెళ్ళాయి. ఎల్లాజీ కారుని నిజంగానే కడిగి కార్ల్‌కి అప్పగించాడు. షిప్ నిచ్చెన లాగేయబోతుండగా ఆఖరి సరుకుగా క్రేన్ ఆ కారుని పైకెత్తింది.

సాయంత్రం ఎల్లాజీ పెరట్లోకి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"ఏమైనా అనుమానపడ్డాడా?" అన్నాడు సుందర్ రాజ్, మోకాలికి వేడినీళ్ళ గుడ్డ కట్టుకుంటూ.

"నేదు బావూ. జెట్టీ దాకా తనే నడిపినాడు. దిగి నా బుజం తట్టి, 'ఎల్లాజీ, పోయే రోజుకి మీ ఊరి రోడ్లు బాగుపడ్డాయి, కారు సక్కగా ఆగతంది' అన్నాడు."