‘మోత’ మొదటి సంచికలో తప్పు

"ఎడిటర్ ఎవరిక్కడ?"

జస్టిన్ తలెత్తేలోపే ఒక పత్రిక వచ్చి బల్ల మీద దబ్బున పడింది. బయట వాన దంచుతోంది. వచ్చినమ్మాయి కోపంలో గొడుగు మూయడం కూడా మరిచిపోయింది. ఆ నీళ్లన్నీ జిరాక్స్ మిషన్ మీద కారుతున్నాయి.

"నేనే" అన్నాడు. కాస్త గర్వంగానే అన్నాడు పాపం. అతన్ని ఎడిటర్ అని పిలిచిన మొదటి మనిషి ఆమే మరి.

కొత్తగూడెం బస్టాండు ఎదుట డీటీపీ సెంటర్లో పెళ్లికార్డులు టైపు చేసే జస్టిన్ ఈమధ్యే ‘మోత’ అనే పత్రిక మొదలుపెట్టాడు. సినిమా పాటల గురించి ఎవరైనా రాస్తారు, మన చుట్టుపక్కల వాయించేవాళ్ల గురించి రాసేదెవరని అతని బాధ. టేకులపల్లి బ్యాండు మేళం, చర్ల దిక్కు డోళ్లు, తండాల్లో పాటలు, చర్చిల్లో క్వాయర్లు అన్నీ అందులో ఉంటాయి. రాసేది తనే, జిరాక్స్ తీసేది తనే, పిన్నులు కొట్టేది తనే, అమ్మేదీ తనే. తిట్లు తినేది కూడా తనేనని ఇప్పుడే తెలిసింది.

"ఏడో పేజీ చదువు" అందామె.

జస్టిన్ గొంతు సవరించుకుని చదివాడు. "‘చర్చి యువజన కూడికలో కీబోర్డు వాయించిన మార్కుకు సాటి వచ్చేవాడు ఈ జిల్లాలో లేడు. అతని వేళ్లు తగిలితే పాటకు ప్రాణం వస్తుంది.’ మంచిగనే రాసిన గదా!"

"మంచిగనే రాసినవ్. కానీ వాయించింది మార్కు గాదు, నేను!"

"మీరా?"

"అవ్. నా పేరు అక్సా. మార్కు మా అన్న. కీబోర్డుకు స్విచ్ ఏడుంటదో గూడ వానికి తెల్వది. అసలు నువ్వు కూడికకు వచ్చినవా?"

జస్టిన్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అతని ఇంట్లోవాళ్లది ఆర్.సి.ఎం., అంటే రోమన్ కేథలిక్ చర్చి. వేరేవాళ్ల మందిరంలోకి పోతే అమ్మ ఏమంటుందోనని, రోడ్డవతల చాయ్ హోటల్ దగ్గర నిలబడి మైకులో వచ్చిందే విన్నాడు. కూడిక అయిపోయాక కీబోర్డు భుజాన పెట్టుకుని బయటికొచ్చింది మార్కు. అతని పేరు అడిగి రాసేశాడు.

సంగతి విని అక్సా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మోసినోడే వాయించినోడా? గట్లయితే బ్యాండు సామాను తెచ్చే ఆటో డ్రైవర్ గూడ కళాకారుడే!"

"సారీ అండి. వచ్చే సంచికల సవరణ వేస్త."

"వచ్చే సంచిక ఎప్పుడు?"

"దసరాకు."

"ఈ ఆదివారం ఖమ్మంల యువజన సభ. ఉమ్మడి జిల్లా మొత్తానికి ఒక్కరే కీబోర్డు వాయిస్తరు. దానికోసం నేనెంత ప్రాక్టీస్ చేసిన్నో తెల్సా? అక్కడి పాస్టర్ అయ్యగారు నీ పుస్తకం చదివి మా అన్నను పిలిచిండు. వాయించేది మా పిల్ల అని డాడీ చెప్తే, బిడ్డ మీద ప్రేమతోని అంటున్నరులే అని నవ్విండంట."

మాట పూర్తయ్యేసరికి ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంతసేపూ తిట్లకు తట్టుకున్న జస్టిన్ వాటికి మాత్రం తట్టుకోలేకపోయాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటరు?"

"అమ్మిన పుస్తకాలన్నీ దొరకబట్టి, మా అన్న పేరు కొట్టేసి నా పేరు రాయి. అయ్యగారి దగ్గరున్నది గూడ."

మర్నాటి నుంచే బయలుదేరారు. ఇతను మళ్లీ ఎక్కడ తప్పు రాస్తాడోనని అక్సా వెంట వచ్చింది. ఆమెకు కాపలాగా మార్కు వచ్చాడు. బస్సెక్కగానే గుర్రు పెట్టే కాపలా అది.

"నీ రాత కోడి గీకినట్టుంది" అంది అక్సా, అప్పటికే దిద్దిన పత్రిక ఒకటి చూస్తూ, చర్ల బస్సులో.

"అందుకే టైపింగ్ నేర్చుకున్న."

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. కాసేపాగి అడిగింది. "ఇంతకీ ఆ రోజు ఏ పాట నచ్చింది నీకు?"

"ఆఖరి పాట. చేతుల చాయ్ చల్లారిపోయింది, తాగుడే మర్చిపోయిన."

అక్సా కిటికీ వైపు తిరిగింది. అద్దానికి కారే వాన తప్ప బయట ఏమీ కనిపించడం లేదు. అయినా చర్ల వచ్చేదాకా అటే చూస్తూ కూర్చుంది.

చర్ల దగ్గరి గూడెంలో డోలు కొట్టే పగిడయ్య పత్రికను చేతికివ్వలేదు. "నా బొమ్మ ఉన్న బుక్కు మీద గీతలు పెడ్తరా? పొండ్రి!" అన్నాడు. జస్టిన్ ఎంత బతిమాలినా వినలేదు. పెద్దాయన డోలు మీద అలవాటుగా చెయ్యి ఆడిస్తుంటే, అక్సా పక్కనున్న ఖాళీ డబ్బా బోర్లించి అదే దరువు అందుకుంది. పగిడయ్య మొహం విప్పారింది. పత్రిక తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. జస్టిన్ ఆమెను చూస్తూ పెన్ను తియ్యడం మరిచిపోయాడు. మార్కు మోచేత్తో పొడవాల్సి వచ్చింది.

ఆదివారం ఖమ్మం సభకు అక్సా నాన్న షాలేమ్‌రాజు కూడా వచ్చాడు. కొత్తగూడెం మందిరంలో ఆయన సంఘపెద్ద. జస్టిన్ తిన్నగా పాస్టర్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"అయ్యగారూ, పత్రికల రాసింది తప్పు. నేను లోపలికి రాలే, రోడ్డు మీద నిలబడి రాసిన. వాయించింది అక్సా."

పాస్టర్ అతన్ని ఎగాదిగా చూశాడు. "చూడకుండ రాసినవా? రేపటి నుంచి నీ పత్రికను ఎవరు నమ్ముతరు బాబూ?"

చుట్టూ ఉన్నవాళ్లందరూ విన్నారు. జస్టిన్ మొహం పాలిపోయింది. ఆ పత్రికంటే అతనికి ప్రాణం.

"నమ్మకున్నా మానె. ఆమెను వాయించనియ్యండి."

"వాయించనియ్యండి అయ్యగారూ, నాకేం రాదు!" అని మార్కు చేతులు జోడించాడు. పాస్టర్‌కు నవ్వాగలేదు. కీబోర్డు వైపు చెయ్యి చూపించాడు.

అక్సా వాయించింది. మొదటి పాటకే పాస్టర్ తల ఊపాడు. రెండో పాటకు జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. జస్టిన్ ముందు వరసలో కూర్చుని నోరు తెరుచుకుని విన్నాడు.

సభ అయ్యాక, బయట వాన పడుతుంటే, వరండాలో అక్సా అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏం రాసుకున్నవ్?"

"ఏం రాసుకోలే. నిన్నే చూస్కుంట కూసున్న."

"గట్ల చూస్తే పత్రిక నడుస్తదా?"

"నడ్వది. అక్సా, నువ్వంటే నాకు శానా ఇష్టం."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయింది. ఇంతలో వెనక నుంచి దగ్గు వినిపించింది. షాలేమ్‌రాజు!

"మీది ఆర్.సి.ఎం. గదా?" అన్నాడాయన గంభీరంగా.

"అవ్, అంకుల్." జస్టిన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"పదిమందిల తప్పు ఒప్పుకున్నవ్, మంచోనివే. మా పిల్ల గూడ వారం నుంచి ఇంట్ల నీ ముచ్చటే. నాకేం అడ్డం లేదు గానీ, ఒక్కటే చిక్కు. పెళ్లైనంక ఆదివారం ఆమె మీ గుళ్ల వాయిస్తే మా మందిరం గతేంది?"

జస్టిన్ తల గోక్కున్నాడు. "వారం ఇడిసి వారం అనుకుందామా, అంకుల్?"

"రెండు వారాలు మాకు, ఒక వారం మీకు."

"మా అమ్మనడగాలె..."

"ఏంది మీ పంచాయతీ?" అక్సాకు ఒళ్లు మండింది. "పొద్దుగాల వాళ్ల పూజ, పదిన్నరకు మన ఆరాధన. రెండు దిక్కుల నేనే వాయిస్త. పండుగ పూట జర జల్దీ ముగించమని వాళ్ల గుడి ఫాదర్‌కు ఈయన చెప్తే చాలు!"

ఇద్దరు మగవాళ్లలో ముందుగా తేరుకుంది జస్టిన్.

"ఈయననా? అంటే... ఒప్పుకున్నట్టేనా?"

అక్సా నాలుక కరుచుకుంది. మొహం చేతుల్లో దాచుకుని వానలోకే పరుగెత్తింది. గొడుగు పట్టుకుని మార్కు ఆమె వెంట పడ్డాడు.

షాలేమ్‌రాజు పడీ పడీ నవ్వి, జస్టిన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ అమ్మను ఎప్పుడు తీస్కొస్తవ్ బాబూ?"